ఆరు పొయ్యిల పొగగొట్టం

ఫిబ్రవరి 9

ఒరేయ్ గంటా,

"గౌరవ సభ్యులవారికి" అని మొదలుపెడదామనుకున్నాను. మీ బావ నవ్వాడు. "వాడి ముక్కు తుడిచి పెంచినదానివి, నీకెందుకే ఆ గౌరవాలు" అన్నాడు. అందుకని పాత పిలుపే. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే "మీటింగ్‌లో ఉన్నానక్కా" అంటావు. ఉత్తరంతో ఆ మాట అనలేవు కదా!

అందరం బాగున్నాం అని రాయడం అలవాటు గాని ఈసారి రాయలేను. మీ సభలోకి రాబోతున్న బిల్లు కాపీ ఒకటి మన సందుదాకా వచ్చింది. మీసాల మావయ్య మన పెరట్లో కూర్చుని అందరికీ చదివి వినిపించాడు. సబ్బు కాచే బట్టీల్లో ఇక మంట బయటికి కనబడకూడదట. ఆవిరితో నడిచే మూత బాయిలర్లే ఉండాలట. లేకపోతే ఆగస్టు నుంచి తాళం. బాయిలర్ కొనుక్కోవడానికి సర్కారు సాయం చేస్తుంది గాని, ముప్ఫై మందికి పైన పనివాళ్ళున్న కార్ఖానాలకేనట. మన ఒక్కో బట్టీలో ఉండేది ఐదుగురో, ఆరుగురో. అంటే నియమం చిన్నవాడికి, సాయం పెద్దవాడికి. ఎంత తెలివిరా మీ వాళ్ళది!

నియమాలే వద్దని నేననడం లేదు. కాస్టిక్ నీళ్ళు చింది, సబ్బు ముక్కలు కోసే మన కోతావిడ చెయ్యి కాలినప్పుడు బాన చుట్టూ ఇనప కటకటాలు కట్టించింది ఎవరు? ఎవరూ చెప్పకుండానే నేను కట్టించాను. మేం అడిగేది ఒక్కటే. ఆరు బట్టీలకీ పొగగొట్టం ఒకటే కదా. నాన్నా, మావయ్యా, మిగతా నలుగురూ కలిసి కట్టుకున్నదే కదా. ఒక పొగగొట్టం కింద ఉన్న బట్టీలన్నిటినీ ఒక్క కార్ఖానాగా లెక్కపెట్టండి. అప్పుడు మాకూ సాయం అందుతుంది, ఆరు కుటుంబాలం కలిసి ఒక బాయిలర్ పెట్టుకుంటాం. ఇంతే.

నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ పొద్దున్నే మావయ్య ఈల వేస్తున్నాడు. ఆ ఈల ఎవరికి వినబడుతుంది? నువ్వైతే సందు మధ్యలో నిలబడి "అంటించండోయ్" అని కేక పెట్టేవాడివి, ఆరు పొయ్యిలూ ఒక్కసారే అంటుకునేవి. చివర్న గొంతు పైకి లేపి అలా వేలాడదీసేవాడివి. అందుకేగా గంట అని పేరొచ్చింది. ఇప్పుడు ఈల విని ఒకరు, వినక ఒకరు. నిన్న మన పొయ్యి ముందు అంటుకుని పొగంతా ఇంట్లోకే వచ్చింది, మీ బావ ఇంకా దగ్గుతున్నాడు.

"చిన్నవాడి పొయ్యి ఆరనివ్వం" అని ఎన్నికలప్పుడు గోడలన్నిటి మీదా రాయించావు. మన గోడ మీద ఆ రాత ఇంకా చెరగలేదు. చూసుకో మరి.

మీ అక్క

&nbsp;

ఫిబ్రవరి 19

అక్కకి,

నీ ఉత్తరం కవరు తెరిచేసరికి గదంతా సబ్బు వాసన. నా పక్కగదిలో ఉండే సభ్యుడు "ఎవరండీ, అమ్మాయా?" అని కన్ను గీటాడు. మా అక్క అంటే నమ్మడే!

ఇక్కడ నా గది చూస్తే నవ్వుతావు. పేరుకి సభ్యుల నివాసం, కుళాయి ఆపినా కారుతూనే ఉంటుంది. కిటికీ తీస్తే కార్లు తప్ప ఇంకేమీ కనబడవు. చొక్కాలు మాత్రం రోజూ ఇస్త్రీ అయి వస్తాయి, ఆ ఒక్క సుఖం ఉంది. బావకి చెప్పు, ఆయనిచ్చిన గొడుగు ఇంకా పారేసుకోలేదు.

బిల్లు సంగతి నాకు వదిలెయ్. నేను చదివాను. చదవకుండానే ఓటేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారులే. నువ్వు చెప్పిన మాట బ్రహ్మాండంగా ఉంది. "ఒకే పొగగొట్టం, ఒకే కార్ఖానా". ఆ సవరణ నేనే పెడతాను. మా నాయకుడి చెవిన వేశాను, తల ఊపాడు. ఆయన తల ఊపాడంటే పనయినట్టే. సందులో అందరికీ చెప్పు, గంటగాడు మాటిచ్చాడని. నేనక్కడ పుట్టినవాణ్ణి. ఆ పొగ పీల్చి పెరిగినవాణ్ణి. నాకు చెప్పాలా అక్కా?

నువ్వు ఒక్క పని చెయ్యాలి. అవతలి పార్టీవాళ్ళు వాసన పట్టి మీ దగ్గరికి వస్తారు, బానల పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. లోపలికి రానివ్వకు. వాళ్ళకి మీ మీద ప్రేమేం లేదు, మా మీద కోపం, అంతే. పేపరువాళ్ళతో మాట్లాడకండి. ఊరేగింపులూ బైఠాయింపులూ అసలే వద్దు. మీరు అల్లరి చేస్తే మా నాయకుడు మొండికేస్తాడు, నా సవరణ గంగలో కలుస్తుంది. లోపల నేను మాట్లాడతాను, బయట మీరు నోరు కట్టుకోండి. ఆ మాత్రం నమ్మకం ఉంచండి.

నీ తమ్ముడు

&nbsp;

మార్చి 5

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. చెయ్యడం ఎంత కష్టమైందో మాత్రం విను.

మొన్న సందంతా బయల్దేరడానికి సిద్ధమైంది. మీ సభ ముందు మెట్ల మీద కూర్చుంటామని, బానలు ఎత్తుకొచ్చి అక్కడే సబ్బు కాస్తామని. బండి కూడా మాట్లాడుకున్నారు. కోతావిడ అట్టముక్క మీద రాతలు రాసింది. నేను బయటికి వచ్చి, సబ్బులు సర్దే చెక్కపెట్టె బోర్లించి, దాని మీదెక్కి నిలబడ్డాను. నవ్వకు! ఈ వయసులో ఉపన్యాసం ఇచ్చాను. "నా తమ్ముడు మాటిచ్చాడు, వాడే సవరణ పెడతాడు, మనం అల్లరి చేస్తే వాడికి లోపల కష్టం" అన్నాను. గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు మీసాల మావయ్య లేచాడు. "అమ్మాయ్, మేం ఆగుతున్నది నీ మాట మీద. వాడి మాట మీద కాదు. గుర్తుపెట్టుకో" అన్నాడు. అందరూ బండి దిగారు.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు సరిగ్గా అన్నం సహించడం లేదు.

అవతలి పార్టీవాళ్ళు వచ్చారు, నువ్వు చెప్పినట్టే. గుమ్మంలోనే ఆపేశాను. వాళ్ళలో ఒకడు పోతూ పోతూ అన్నాడు: "మీ తమ్ముడి పార్టీ ఎటు ఓటేస్తోందో రేడియో పెట్టి వినండమ్మా." వాడి మీద కోపంతోనే పెట్టాను. ఆరోజు మీ సభలో పెద్ద కంపెనీలకి సాయం ఇచ్చే బిల్లు. మీ వాళ్ళు అవునన్నారు. తమాషా ఏమిటంటే అవతలివాళ్ళూ అవునన్నారు! పొద్దుటినుంచీ దొంగా దొంగా అని తిట్టుకున్నవాళ్ళు, పెద్దవాడికి పెట్టే దగ్గరకొచ్చేసరికి ఒకే కంచంలో కూర్చున్నారు. చిన్నవాడి మీద నియమం వేసేటప్పుడేమో మీరు అవునంటారట, వాళ్ళు లేచి బయటికి పోతారట. కాదని అరిచే దిక్కెవరు మరి?

నువ్వు ఆరోజు సభలో ఉన్నావా? ఏమన్నావు? అడగాలని కాదు, అడక్కుండా ఉండలేక అడుగుతున్నాను. రాయి.

మీ అక్క

&nbsp;

మార్చి 16

అక్కా,

నీకు రేడియో ఎవరు అలవాటు చేశారు? హాయిగా పాటలు వినొచ్చుగా.

పెద్ద కంపెనీల బిల్లు వేరు, మన బిల్లు వేరు. ఆరోజు పార్టీ విప్ జారీ చేసింది. విప్ అంటే తెలుసుగా, పార్టీ ఎటు చెబితే అటే ఓటు వెయ్యాలి, లేకపోతే సభ్యత్వం గోవిందా. అందరితో పాటు నేనూ. ఒక చోట ఇస్తే ఇంకో చోట పుచ్చుకోవచ్చు. సబ్బు కాసేదానివి, నీకు తెలీదా, నూనె ఒక్కటీ పోస్తే సబ్బవుతుందా? కాస్టిక్ కూడా పడాలి. ఇదీ అంతే.

అవతలివాళ్ళ మాటలు నువ్వు నెత్తికెక్కించుకోవడమే నాకు బాధగా ఉంది. నేను నీ తమ్ముణ్ణా, వాళ్ళు నీ తమ్ముళ్ళా?

సరే, నాకో సంగతి కావాలి. మన బట్టీలో మొదటిసారి పొయ్యి అంటించింది ఏ ఏడు? సందులో మనదే మొదటిదా, మీసాల మావయ్యదా? నాన్న ఏదో చెబుతుండేవాడు గాని నాకు సరిగా గుర్తులేదు. కమిటీలో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. తొందరగా రాయి. ఇది ఎవరికీ చెప్పకు, ఊరికే చర్చలు పెడతారు.

ఏప్రిల్ రెండున మన బిల్లు ఓటుకి వస్తోంది. మూజువాణి ఓటు. మీటలు నొక్కడం ఉండదు, పేర్లు రాసుకోవడం ఉండదు. అధ్యక్షుడు అడిగితే అవునన్నవాళ్ళు అవునని, కాదన్నవాళ్ళు కాదని ఒక్కసారి అరుస్తారు. ఎటు గోల ఎక్కువుంటే అటు. నాలాంటి గొంతున్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

బావని దగ్గు మందు వేసుకోమను.

నీ తమ్ముడు

&nbsp;

మార్చి 24

గంటా,

నువ్వడిగింది చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళకి నాన్న సంగతి అడిగావు. కమిటీలో ఆయన గురించి చెబుతావా? చెప్పు, గట్టిగా చెప్పు.

సందులో మొదటి పొయ్యి మనదే. నేను పుట్టిన ఏడు అంటించాడు. అప్పటికి ఇక్కడ గడ్డీ గోడా తప్ప ఏమీ లేవు. చిన్న రేకు గొట్టం పెట్టుకున్నాడు, పొగ బయటికి పోక ఇంటిల్లిపాదీ ఏడ్చేవాళ్ళం. తర్వాతి ఏడు మావయ్య వచ్చాడు, ఆ తర్వాత ఒక్కొక్కరూ. అప్పుడే నాన్న అన్నాడట, విడివిడిగా ఏడవడం ఎందుకు, ఆరుగురం కలిసి ఒక్క గొట్టం కడదాం, ఎత్తుగా కడదాం, పొగ పక్క వీధివాళ్ళ మీద కూడా పడకూడదు అని. కట్టారు. లావుగా, ఎత్తుగా, మీ సభ గోపురం ఏ పాటిది దాని ముందు! ఇదంతా నీ మాటల్లో చెప్పు. "పొయ్యి నా అక్కంత వయసుది" అను, నవ్వుతారు. నా వయసు మాత్రం చెప్పకు.

నిన్ను అనుమానించి పోయిన ఉత్తరంలో నాలుగు మాటలన్నాను. మనసులో పెట్టుకోకు. నోరు నాది, మనసు కాదు.

ఏప్రిల్ రెండున పని ఆపేస్తున్నాం. మావయ్య గుమ్మంలో రేడియో పెడతాడు. ఆరు బట్టీలవాళ్ళూ అక్కడే కూర్చుంటాం. కోతావిడ అంటోంది, "గంటబాబు కాదని అరిస్తే రేడియో పగుల్తుంది, పాత గుడ్డ చుట్టండి" అని. ఎంతమంది అరిచినా నీ గొంతు నేను పట్టుకుంటాను, చూడు. పందెం కాశాం కూడా. ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళకి మిగతావాళ్ళు టీ పోయించాలి.

అరువురా తమ్ముడూ. మా అందరి బదులూ అరువు.

మీ అక్క

&nbsp;

ఏప్రిల్ 4

అక్కకి,

పేపర్లో చూసే ఉంటావు. బిల్లు నెగ్గింది. నన్ను క్షమించు. చెయ్యగలిగిందంతా చేశాను. "ఒకే పొగగొట్టం" సవరణ ఓటుదాకా రానివ్వలేదు. మూజువాణిలో "కాదు" అని గొంతు పోయేలా అరిచాను, నమ్ము. ఇప్పటికీ వేణ్ణీళ్ళు పుక్కిలిస్తున్నాను. మా పార్టీలో కాదన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గోలలో ఎవరు విన్నారు, విప్ జారీ చేసిన మా పెద్దమనిషి కూడా పట్టుకోలేకపోయాడు. ఒక్క గొంతు ఎంతమందికి ఎదురు నిలుస్తుంది చెప్పు?

కానీ నీకో మంచి కబురు. చట్టంలో చివర్న ఒక ముక్క చేరింది. ప్రతి వీధిలోనూ అన్నిటికన్నా పాత బట్టీ ఒక్కదానికి మినహాయింపు. పాత పద్ధతిలోనే నడుపుకోవచ్చు, బాయిలర్ అక్కర్లేదు, ఎవరూ తాళం వెయ్యరు. మన సందులో పాతది ఏదో నీకు వేరే చెప్పాలా? అధికారులకి పొయ్యి అంటించిన ఏడు కూడా రాసిచ్చాను. నాన్న అంటించిన పొయ్యి ఆరదు అక్కా. మాట నిలబెట్టుకున్నాను.

సందులో అప్పుడే చెప్పకు. మావయ్యకి అసలే చెప్పకు. నెమ్మదిగా వాళ్ళే సర్దుకుంటారు. ఆరు బట్టీల గిరాకీ ఒక్క నీకే వస్తే మీ ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించు.

గొంతు బాగయ్యాక ఫోన్ చేస్తాను.

నీ తమ్ముడు

&nbsp;

ఏప్రిల్ 11

తమ్ముడికి,

గొంతు ఎలా ఉంది? వేణ్ణీళ్ళలో ఉప్పు వేసుకో.

ఏప్రిల్ రెండున ఏం జరిగిందో చెబుతాను, నువ్వు అక్కడుండి వినలేదు కదా. అందరం మావయ్య గుమ్మంలో కూర్చున్నాం. మీ బావ చెవి రేడియోకి ఆనించి ఉన్నాడు. మీ అధ్యక్షుడు "అనుకూలంగా ఉన్నవారు అవునని చెప్పండి" అన్నాడు. గోల లేచింది. ఆ గోల అయిపోయే ముందు, అందరి గొంతులూ కిందికి దిగుతుంటే, ఒక గొంతు పైకి లేచింది. పైకి లేచి వేలాడింది.

నేను అబద్ధం అనుకున్నాను. నా చెవుల భ్రమేమో అనుకున్నాను. మావయ్యని చూశాను. ఏం చేశాడో తెలుసా? ఆ గొంతు వినబడగానే ఆ ముసలాయన లేచి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పొయ్యి దగ్గరికి వంగాడు. అన్నేళ్ళ అలవాటు. నీ కేక వినబడితే అంటించాలి. పుల్ల గీశాక గాని ఆయనకి తెలియలేదు ఏం చేస్తున్నాడో. అలాగే వంగి ఉండిపోయాడు, పుల్ల వేలిదాకా కాలి ఆరిపోయింది.

తర్వాత "కాదన్నవారు" అని అడిగారు. అటునుంచి చప్పుడే లేదు. అవతలివాళ్ళు అప్పటికే బయటికి నడిచారట. నిశ్శబ్దం. ఏ గోలలో కలిసిపోయిందిరా నీ "కాదు"? గోల ఎక్కడుంది అక్కడ?

ఎవరూ టీ అడగలేదు. మీ బావ రేడియో కట్టేశాడు.

నీ ఉత్తరం వచ్చేవరకూ నిన్ను వెనకేసుకొచ్చాను. విప్ ఉంది, పదవి పోతుంది, వాడేం చేస్తాడు పాపం అన్నాను. అవునన్నానక్కా అని ఒక్క ముక్క నిజం రాసి ఉంటే, తిట్టి ఊరుకునేదాన్ని. అబద్ధం రాశావు. నా దగ్గర! నీ గొంతు నాకు తెలియదనుకున్నావా? జ్వరంలో నువ్వు మూలిగితే పక్కగదిలోంచి లేచి వచ్చినదాన్ని.

నాన్న గురించి ఎందుకడిగావో ఇప్పుడర్థమైంది. కమిటీలో చెబుతావని కూర్చుని ప్రేమగా రాసిచ్చాను. నా చేతులతో నేనే మిగతా ఐదుగురి గొంతూ కోసి నీ చేతికిచ్చాను. మినహాయింపు సంగతి నేను చెప్పేలోపలే అధికారులొచ్చి మన గుమ్మం మీద చీటీ అంటించారు. మావయ్య చదివి, "ఓహో" అన్నాడు. అంతే. సబ్బుపెట్టె ఎక్కి మమ్మల్ని ఆపింది ఇందుకా అని ఆయన అనలేదు. కోతావిడ అంది, నా మొహం మీదే. నేనేం చెప్పను? తెలియదంటే ఎవరు నమ్ముతారు, నేనైతే నమ్ముతానా?

కంచే చేను మేసిందిరా. ఇంకేం రాయను.

అక్క

&nbsp;

ఏప్రిల్ 21

అక్కా,

అవును, అవునన్నాను. సరేనా?

కాదంటే ఏమయ్యేది? నా సీటు పోయేది, బిల్లు ఎలాగూ నెగ్గేది. ఆ మినహాయింపు ముక్క ఎలా వచ్చిందనుకుంటున్నావు? మా నాయకుడు పిలిచి, "నువ్వు సవరణ మానేసి అవునను, నీ ఇల్లు కాపాడతాను" అన్నాడు. ఆరింటినీ కాపాడలేనని తేలిపోయాక ఒక్కదాన్నైనా కాపాడుకోవడం తప్పా? నా అక్క బట్టీని కాపాడుకున్నాను. లోకంలో ఏ తమ్ముడైనా అదే చేస్తాడు. నీ కోసం నలుగురిలో తలవంచుకున్నాను, నువ్వేమో వీధివాళ్ళ కోసం నన్ను ఛీకొడుతున్నావు.

అబద్ధం ఎందుకు చెప్పానంటే నువ్వు ఇలా అంటావనే. నీ నోటికి భయపడే.

మావయ్య నాలుగు రోజులు మొహం ముడుచుకుంటాడు, తర్వాత మామూలే. మిగతావాళ్ళని నీ దగ్గరే పనిలో పెట్టుకో, పుణ్యం వస్తుంది. ఆగస్టులో సందంతా చల్లారి, మన పొయ్యి ఒక్కటే మండుతుంటే అప్పుడు చెబుదువుగాని, నీ తమ్ముడు మంచి చేశాడా చెడు చేశాడా అని. అప్పటిదాకా ఆగు.

నీ తమ్ముడు

&nbsp;

జూలై 28

అక్కా,

మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే బావ ఎత్తి "పనిలో ఉంది" అంటాడు. ఆ మాట నా దగ్గరే నేర్చుకున్నట్టున్నారు.

ఎంత కోపమైనా రక్తసంబంధం పోతుందా? ఆగస్టు పదిహేడున మన సందు చివర మైదానంలో నా మీటింగ్. మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి. సొంత ఊళ్ళో సొంత అక్క వేదిక మీద పక్కన లేకపోతే అవతలివాళ్ళు కథలు అల్లుతారు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. పక్కన కూర్చో చాలు. నీ పొయ్యి మండుతోందని నేను చెబుతాను, అది చూసి జనం నమ్ముతారు.

రా అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

గంట

&nbsp;

ఆగస్టు 9

గంటా,

ఆగమన్నావు. ఆగాను. ఇప్పుడు చెబుతాను.

ఒకటో తారీకున అధికారులొచ్చారు. ఐదు గుమ్మాలకి తాళాలు వేసి లక్క ముద్ర కొట్టారు. మన గుమ్మం దగ్గరకొచ్చి "మీకు ఇబ్బంది లేదమ్మా" అని నమస్కారం పెట్టి పోయారు. ఆ నమస్కారానికి సిగ్గుతో చచ్చాను.

మర్నాడు పొద్దున్న పొయ్యి అంటించాను. ఈల లేదు, కేక లేదు. ఎందుకుంటాయి, కలిసి అంటించడానికి ఇంకెవరున్నారు? కాసేపటికి పొగ వెనక్కి తిరిగింది. కట్టెలు తడివేమో అనుకుని మార్చాను. మళ్ళీ అంతే. గొట్టం పైనుంచి చల్లగాలి దిగుతోంది, పొగ గదిలోకి తోసుకొస్తోంది. పనివాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తారు. మీ బావ దగ్గి దగ్గి గోడ పట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడు మావయ్య వచ్చాడురా. నాలుగు నెలలుగా నాతో మాట్లాడని మనిషి, తాళం పడ్డ తన గుమ్మం ముందునుంచి లేచి వచ్చాడు. మీ బావని బయటికి లాగి కూర్చోబెట్టాడు. పొయ్యి ముందు కూర్చుని తనే ఊదాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేదాకా ఊదాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "లాగదమ్మా. ఇంత లావు గొట్టం వేడెక్కాలంటే కనీసం మూడు పొయ్యిలైనా మండాలి. ఇది ఆరింటి కోసం కట్టింది."

ఐదు రోజులు ప్రయత్నించాను. కొత్తగా చిన్న గొట్టం పెట్టుకుందామంటే, పాతది పాతగానే ఉండాలట, మారిస్తే మినహాయింపు రద్దట. మీరు రాసిన చట్టమే. పొమ్మనలేక పొగబెట్టడం అంటారు కదా, అది విన్నాను గాని తమ్ముడే పెడతాడని అనుకోలేదు. మొన్న నేనే నీళ్ళు పోసి పొయ్యి ఆర్పేశాను. నాన్న అంటించిన పొయ్యి. పనివాళ్ళకి చెప్పి పంపించేశాను. కోతావిడ పోతూ నా చెయ్యి పట్టుకుంది. నిన్ననే మావయ్య కూడా కూతురింటికి వెళ్ళిపోయాడు.

నీకు చెడ్డ బుద్ధి పుట్టిందని నేను ఏడవడం లేదు. పుడుతుంది, పదవి అలాంటిది. పొద్దున్నే సందు మధ్యలో నిలబడి కేక పెట్టింది నువ్వు. ఆరు పొయ్యిలూ ఒక్కసారే ఎందుకు అంటించమనేవాళ్ళమో నీకు ఒక్కనాడైనా అనుమానం రాలేదా? నీ గొంతు బాగుందని పిలిపించుకున్నామనుకున్నావా? ఆరు పొయ్యిల మధ్య పెరిగి, ఏ ఒక్కరూ ఒంటరిగా మండలేరని తెలుసుకోకుండానే పెద్దవాడివైపోయావు. ఐదుగుర్ని అమ్మి నన్ను కొన్నావు. కొన్నదాన్ని కూడా నిలబెట్టుకోలేకపోయావు. దీనికే నాకు కడుపు మండిపోతోంది.

మీటింగ్‌కి రమ్మన్నావు. వస్తాను. వేదిక మీదకి రాను, కింద జనంలో నిలబడతాను. మా పొయ్యి మండుతోందని మాత్రం అక్కడ చెప్పకు, మైదానంలోంచి తలెత్తితే పొగగొట్టం అందరికీ కనబడుతుంది.

చివర్న ఎలాగూ అడుగుతావు, మీరంతా నా వెంట ఉన్నారా అని. చేతులెత్తడం ఉండదు, పేర్లు రాసుకోవడం ఉండదు. జనమంతా ఒక్కసారి అరుస్తారు. వాళ్ళలో నేనూ అరుస్తాను. ఏమన్నానో నీకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. పుట్టిన దగ్గర్నుంచీ విన్న గొంతేగా, పట్టుకో.

అక్క